గుట్ట మీద బావి

బావి అడుగున నిలబడి డిటెక్టివ్ మడమతో గట్టిగా తన్నింది. మెత్తటి ఒండ్రు కింద రాయి తగిలింది. రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ తన్నింది. అక్కడా రాయే.

“అయిందా వదినా?” పైనుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు వినిపించింది. “మీరు కాలు విరగ్గొట్టుకుంటే ఇంట్లో నాన్నకి నేను జవాబు చెప్పుకోవాలి.”

“మీ నాన్నగారికి నేను చెప్పుకుంటాలే. నువ్వా నిచ్చెన కదలకుండా పట్టుకో.”

అతను ఆమె మరిది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో కాలేజీ కుర్రాడు, ఆమె దగ్గరే స్కూటర్ నేర్చుకున్నాడు. భర్త పోయాక ఆమె పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అప్పట్నుంచీ ఇద్దరికీ పొసగడం లేదు. ఆమె తలదూర్చిన ప్రతి కేసులోనూ తన స్టేషన్ పరువే పోతోందని అతని బాధ. స్టేషన్‌లో ఆమెకి ‘భూతద్దం’ అని పేరు పెట్టింది కూడా అతనేనని ఆమెకి తెలుసు.

నిచ్చెనెక్కి పైకి వచ్చి చీర కుచ్చిళ్లకి అంటిన బురద దులుపుకుంది. గుట్ట చుట్టూ కనుచూపు మేర ఎండి బీటలు వారిన బూడిదరంగు నేల. గేట్ల మరమ్మతు కోసం రిజర్వాయరు మొత్తం ఖాళీ చేశారు. ముప్పై ఏళ్ల కిందట మునిగిపోయిన ఊరు ఇప్పుడు బయటపడింది. పైకప్పులు లేని గోడలు, గోడలు లేని గడపలు, ఎక్కడికీ వెళ్లని మెట్లు. పిట్ట కూడా వాలడం లేదు. మొన్న ఇటుగా వచ్చిన ఒక జాలరి ఈ బావిలోకి తొంగిచూస్తే నీళ్లలో పుర్రె కనబడి, కేక వేసి పరుగెత్తాడు. నీళ్లు తోడితే అడుగున మనిషి ఎముకలు దొరికాయి.

ఇన్‌స్పెక్టర్ జీపు బానెట్ మీద ఒక పాత పటం పరిచి, గాలికి లేవకుండా లాఠీ బరువు పెట్టాడు.

“మీకు ఆధారాలు కావాలిగా. చూడండి. ఊరు ముంచే ముందు సర్వేవాళ్లు చేత్తో గీసిన ఆఖరి పటం ఇది. ఇదిగో వాగు, ఇదిగో బడి, ఇది మనం నిలబడ్డ గుట్ట. దానిమీద ఈ నీలం చుక్క ఏంటి? పటం కింద రాసే ఉంది. బావి. ఖాళీ ఊళ్లో చీకట్లో ఎవడో తాగి తిరుగుతూ పడ్డాడు. తీసేవాడు లేడు. తర్వాత నీళ్లొచ్చాయి. ఈ మాత్రానికి ఇంత రాద్ధాంతం ఎందుకండీ?”

“ఈ గోధుమరంగు గీతలేంటి?”

“ఎత్తులు. ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలిపి ఒక గీత. అదీ తెలియదనుకున్నారా?”

“తెలిసినవాడివి చూసుండాల్సింది. ఇక్కడ గీతలన్నీ ఉల్లిపాయ పొరల్లా చుట్టుకున్నాయి. మధ్యలో మీ బావి. అంటే కింద ఇంటి వెనకే వాగు పారుతుంటే, ఊళ్లోవాళ్లు బిందెలు పట్టుకుని ఈ రాతిగుట్ట నెత్తికెక్కి నీళ్లు తోడుకున్నారంటావు.”

“తవ్వారు, నీళ్లు పడలేదు, వదిలేశారు. అలాంటివి ఊరికి రెండుంటాయి.”

“వదిలేసిన బావికి ఇంత పొందిగ్గా రాతి కట్టు కట్టరు. అంచు చూడు. ఒక్క తాడు గాటైనా ఉందా?”

అతను చూడలేదు. ఆమె వంగి కట్టులోని ఒక రాతిని వేలితో గీకింది. బురద పెచ్చు ఊడి, కింద తెల్లగా సున్నం కనబడింది. ఆ పక్క రాతికి గిన్నెలా గుండ్రని గుంట ఉంది.

“ఇది ఇంటి గోడ రాయి. ఇది తలుపు తిరిగే గుంటున్న గడప రాయి. ఇళ్లు పడగొట్టకుండా ఈ రాళ్లు ఇక్కడికి రావు. ఇళ్లు పడగొట్టింది ఎప్పుడు? జనాన్ని ఖాళీ చేయించినప్పుడు. తాగడానికి ఒక్క మనిషి కూడా లేని ఊళ్లో, బావి ఎవరికోసం కట్టారు?”

ఇన్‌స్పెక్టర్ ముఖం కందగడ్డలా మారింది. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. పక్కనున్న ఇద్దరు కానిస్టేబుళ్లు అర్జెంటుగా ఆకాశం వైపు చూడటం మొదలుపెట్టారు.

“అడుగున బండ ఉంది,” ఆమె గొంతు తగ్గించింది. “ఇది రాళ్లు కొట్టుకోగా మిగిలిన గుంత. అందులో మనిషిని వేసి, చుట్టూ కట్టు కట్టి బావిలా చేశారు. చంపినవాడు తొందరపాటు మనిషి కాదు. ఎప్పుడో వచ్చే ఈ రోజు కోసం కూడా ఆలోచించి పెట్టుకున్నాడు.”

“ఎవరిని చంపారు? పేరుందా? ఊరుందా? ఆ ఎముకలెవరివో ఈ భూమ్మీద ఎవరైనా చెప్పగలరా?”

“ఒకరు చెప్పగలరు. సర్వే గొలుసు పట్టుకునే చైన్‌మన్ ఒకతను ఈ పటం గీసిన రోజుల్లోనే మాయమయ్యాడు. ఎవరో ఆడదానితో లేచిపోయాడన్నారు. అతని భార్య బతికే ఉంది. చిన్నప్పుడు చెట్టు మీద నుంచి పడి, అతని ఎడమ ముంజేయి ఎముక వంకరగా అతుక్కుందట. మీ డాక్టరు రాసిన కాగితం నువ్వు చదివావా?”

అతను చదివాడు. ఎడమ ముంజేయి వంకర అని అందులో ఉంది.

“రేపు పొద్దున్నే ఆవిణ్ణి తీసుకొస్తాను. ఎముకలు చూపించి వాంగ్మూలం తీసుకో.”

“ఎముకలు చూపిస్తాను. ఈ చోటు మాత్రం ఇంక ఉండదు. సాయంత్రం ఐదింటికి కింద గేట్లు దించి, పై ఆనకట్ట నుంచి నీళ్లు వదులుతున్నారు. నా క్లియరెన్స్ కోసమే ఆగారు. ముందు ఈ గుట్టకొచ్చే దారి మునుగుతుంది, ఆ తర్వాత గుట్ట. నా మాట విని మీరు కూడా ఇంటికెళ్లండి.”

పటం మడిచి జేబులో పెట్టుకోబోతుంటే ఆమె చెయ్యి చాచింది. “అది నాకోసారి ఇవ్వు.”

“ఇవ్వను,” అన్నాడతను. జీపెక్కి తలుపు దబ్బున వేశాడు.

* * *

ఆ పటానికి జోడు సర్వే ఆఫీసులో ఉంటుందని ఆమె లెక్క. ముసలి డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన రిటైరైనా రోజూ అక్కడికే వచ్చి పటాల గదికి కాపలా కాస్తున్నాడని తెలుసుకుని, మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లింది.

పొడుగ్గా, ఇరుగ్గా ఉంది గది. రెండు వైపులా పైకప్పు దాకా బల్లపరుపు సొరుగులు. కిటికీ ఒక్కటే. దాని పక్కన ఏటవాలు బల్ల ముందు, చొక్కా చేతుల మీద గుడ్డ తొడుగులు వేసుకుని ఆయన కూర్చున్నాడు. సన్నటి మనిషి. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. అంత గబుక్కున లేవాల్సిన పనేముందో ఆమెకి అర్థం కాలేదు.

“రిజర్వాయరు లోయ పటం కావాలండీ. ఊరు మునగక ముందుది.”

“అదా… అది లేదమ్మా. చెదలు తినేసింది.”

“ఏ సొరుగులో ఉండగా తినేసింది?”

“ఆ మూల…” ఆయన చూపు కుడివైపుకి వెళ్లి, టక్కున వెనక్కి వచ్చింది. ఆ తర్వాత చెయ్యి ఎడమవైపు చూపించింది.

ఆమె కుడివైపుకి నడిచింది. మూడో సొరుగు లాగింది. నాలుగోది లాగింది. పటం చెక్కుచెదరకుండా ఉంది. తీసుకొచ్చి ఏటవాలు బల్ల మీద పరిచింది.

“చెదలు మంచివే. అంచులు కూడా ముట్టుకోలేదు.”

ఆయన నీళ్లు నమిలాడు. “వయసైపోయిందమ్మా. జ్ఞాపకం ఉండట్లేదు.”

“నాకు తెలిసింది మీరు చెప్పక్కర్లేదు. తెలియనిదే చెప్పండి. ఇది గీసింది మీరేనా?”

“నేనే.” ఆ మాట మాత్రం తడబడకుండా వచ్చింది.

అందమైన పని. వాగు పొడవునా నీలం గీత వెంట్రుకంత సన్నగా మొదలై, లోయ మధ్యకి వచ్చేసరికి లావెక్కింది. పొలాల గట్లు, బడి, బండ్ల బాట, ఒక్కో ఇల్లూ ఒక్కో నల్లటి గడి. ఇప్పుడు బురద తప్ప మరేమీ లేని చోట ఒకప్పుడు ఎంతమంది బతికారో ఆ కాగితం మీదే కనబడుతోంది. ఆ గడులు ఆమె వేలితో ఒక్కొక్కటే తడిమింది.

“ఈ పటంలో గుట్టలు నాలుగున్నాయి కదండీ. మూడు గుట్టల శిఖరం మీద చుక్క పెట్టి, పక్కన ఎత్తు అంకెల్లో రాశారు. నాలుగోదాని మీద రాయలేదు. ఎందుకని?”

“అక్కడ… బావి ఉంది కదమ్మా. చోటు చాల్లేదు.”

“కావలసినంత చోటుంది. ఇలా రండి.”

పటాన్ని కిటికీ వైపు ఎత్తి, వెలుగు పక్కనుంచి పడేలా వంచింది. సంచిలోంచి భూతద్దం తీసి నీలం గుండ్రం మీద పెట్టింది. చుట్టూ ఉన్న కాగితం అద్దంలా నున్నగా ఉంది. ఆ గుండ్రం కింద మాత్రం సన్నటి నూగు లేచి ఉంది. బ్లేడుతో గీకితే లేచే నూగు. దాని పక్కన సిరా లేదు గాని, కలం పాళీ నొక్కిన గాడి మాత్రం మిగిలింది. ఆమె కళ్లు చికిలించి ఆ అంకెలు ఒక్కొక్కటే పైకి చదివింది. గుట్ట ఎత్తు.

“సిరా గీకేశారు. చేతి బరువు గీకలేకపోయారు,” అంది. “ఈ గుట్ట మీద మీరు మొదట బావి వెయ్యలేదు. ఎత్తు వేశారు. ఎందుకంటే అక్కడ బావి లేదు. ఎవరు వెయ్యమంటే వేశారు?”

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. చేతి తొడుగులు ఒకటి తర్వాత ఒకటి విప్పి మడత పెట్టాడు, ఏదో డ్యూటీ దిగిపోతున్నట్టు.

“నన్ను పరీక్షిస్తున్నారా అమ్మా?”

“పరీక్షేంటి? ఆ గుంతలో దొరికిన మనిషి మీతో పాటు ఇదే పటానికి పనిచేశాడు. మీరు గీత గీస్తే, ఆ గీతకి గొలుసు లాగింది అతను. లేచిపోయాడని చెప్పుకుంటే అతని భార్య ముప్పై ఏళ్లు తలవంచుకుని బతికింది. ఎముకల సంగతి విని నిన్న నా దగ్గరికొచ్చి ఏమందో తెలుసా? ‘ఇన్నేళ్లూ ఆయన్ని తిట్టుకుంటూ బతికానమ్మాయ్. ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలి. చచ్చిపోయాడని చెప్పు చాలు’ అంది. ఆ మాట నేను చెప్పాలంటే, మీరు నాకు చెప్పాలి.”

ఆయన మడిచిన తొడుగులు బల్ల మీద పెట్టి నోరు విప్పాడు.

“ఊరు ఖాళీ చేయించిన ఆఖరి రోజమ్మా. జనం అందరూ బండ్లెక్కారు. పోలీసులు ఇళ్లు పడగొట్టిస్తున్నారు. ఒక ఇంట్లో మంచాన పడ్డ ముసలాయన ఉండిపోయాడు. ఆయన్ని పెద్దకొడుకు తీసుకెళ్లాడని చిన్నకొడుకు, చిన్నకొడుకు తీసుకెళ్లాడని పెద్దకొడుకు అనుకున్నారు. లోపల్నుంచి మూలుగు వినబడిందట. మా చైన్‌మన్ విన్నాడు. ఆగండి, ఆగండి అని అరిచాడు. అక్కడ పెత్తనం చేస్తున్న పోలీసు ఆఫీసరు ఆపలేదు. చీకటి పడేలోపు పని అయిపోవాలన్నాడు. ఆయన మీదే గోడ తోసేశారు.”

ఆమె భూతద్దం సంచిలో పెట్టేసింది.

“ఆ సాయంత్రం వాడు నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఒక్క ముద్ద తినలేదు. పొద్దున్నే పై ఆఫీసుకెళ్లి చెప్పేస్తానన్నాడు. పొద్దున్న వాడు లేడు. ఎక్కడికి పోయాడంటే, ఆడదానితో పోయాడన్నారు. ఆ మాట మొదట పుట్టించింది ఎవరో నాకు తెలుసు. రెండు రోజులాగి ఆ ఆఫీసరు ఇక్కడికే వచ్చాడు. ఇదే బల్ల. తన దగ్గరున్న పటం, మా ఆఫీసు పటం పక్కపక్కన పెట్టించి, గుట్ట మీద వేలు పెట్టి, ‘ఇక్కడ బావి వెయ్యి’ అన్నాడు. బావి లేదు సార్ అన్నాను. ‘ఎప్పుడో ఒకనాడు నీళ్లు దిగుతాయి. దిగిన రోజున ఇక్కడ బావి ఉండాలి’ అన్నాడు. సిరా ఆరేదాకా నా భుజం దగ్గరే నిలబడ్డాడు. నాకు అప్పుడు ఇద్దరు చిన్న పిల్లలు. వాళ్ల పేర్లు కూడా ఆయనే నాకు చెప్పాడు.”

“ఎవరాయన?”

ఆయన తలెత్తి, ఆమె ముఖంలోకి మొదటిసారి నేరుగా చూశాడు. ఆ చూపులో భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది.

“మీకు నిజంగా తెలియదా? ఇందాక మీరు గుమ్మంలో కనబడగానే, ఆయనే పంపించాడనుకున్నాను. నా నోరు మూయించడానికి వచ్చారనుకున్నాను. మీరు ఆయనింటి కోడలే కదమ్మా.”

ఆమె చేతిలోని పటాన్ని చుట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపేసింది.

మామగారు, రిటైరైన పోలీసు ఆఫీసరు. భర్త పోయిన ఏడాది, ఉద్యోగం మానేస్తానంటే బంధువులందరూ ముక్కున వేలేసుకుంటే, ‘నీ తెలివి నీది, ఒకడి కింద ఎందుకు? సొంతంగా పెట్టుకో’ అని ఆఫీసు గది తాళాలు చేతిలో పెట్టిన మనిషి. రోజూ సాయంత్రం ఆమె కేసులన్నీ అడిగి అడిగి వినే మనిషి. ఆ వినడం ఎందుకో ఆమెకి ఇప్పుడు తోచింది.

“ముసలాయనా, మాట జాగ్రత్త!”

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్. ఆమె వెనకే వచ్చాడన్నమాట. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో గాని, అంతా విన్నాడని ముఖమే చెబుతోంది. రెండంగల్లో వచ్చి డ్రాఫ్ట్స్‌మన్ చొక్కా పట్టుకున్నాడు.

“ఎవరి గురించి మాట్లాడుతున్నావో తెలుసా? మక్కెలు విరగ్గొట్టి లోపలేస్తాను!”

“వదులు,” అంది ఆమె.

“మీరూ నమ్ముతున్నారా? ఆయన చేత్తో పెట్టిన అన్నం తింటూ…”

“వదలమన్నాను! పొద్దున్న నువ్వు చూపించిన పటం నీకెక్కడ దొరికింది?”

అతని చెయ్యి చొక్కా మీదే ఆగిపోయింది.

“రెండో పటం పోలీసు ఆఫీసరు దగ్గర ఉండిపోయింది. అది నీ జేబులోకి ఎలా వచ్చింది? నిన్నే అడుగుతున్నాను.”

“నాన్న…” అతను జేబు తడుముకున్నాడు. “ఎముకలు దొరికాయని చెప్పగానే, నాన్నే బీరువాలోంచి తీసిచ్చారు. ‘ఇందులో బావి ఉంటుంది చూడు, కేసు తేలిగ్గా తేలిపోతుంది’ అని…”

చెప్పడం పూర్తి కాకముందే తనన్న మాట తనకే అర్థమైంది. వేళ్లు ఒక్కొక్కటే సడలాయి. ముసలాయన చొక్కా నలిగి అలాగే నిలబడిపోయింది. యూనిఫారంలో ఉన్నవాడు కాస్తా, ఆమె వెనక స్కూటర్ ఎక్కి కూర్చున్న కుర్రాడిలా అయిపోయాడు.

“వదినా,” అన్నాడు మెల్లగా. “మధ్యాహ్నం ఇంటికెళ్లి నాన్నతో భోంచేశాను. కేసు ఎంతవరకు వచ్చిందని అడిగారు. చైన్‌మన్ భార్య సంగతి చెప్పేశాను. ఎముక వంకర గుర్తుపట్టేది ఆవిడొక్కతేనని కూడా.”

ఆమె అప్పటికే ఫోన్ తీసింది.

రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి చైన్‌మన్ భార్య ఎత్తింది. గొంతు వెనక గాలి హోరు.

“పెద్దమ్మా, ఎక్కడున్నారు?”

“నీకోసమే మీ ఇంటికి వచ్చానమ్మాయ్. రేపటిదాకా కాళ్లు నిలవలేదు. నువ్వు లేవు. మీ మామగారు ఎంత మర్యాద చేశారో! కూర్చోబెట్టి టీ తనే పెట్టి ఇచ్చారు. మా ఆయన దొరికిన చోటు నీళ్లు రాకముందు ఒక్కసారి కళ్లారా చూడాలన్నాను. దానికేం, పదండి, నేనే తీసుకెళ్తానన్నారు. ఈ వయసులో కూడా ఎంత బాగా నడుపుతున్నారో కారు. ఇదిగో, ఇప్పుడే గుట్ట మీద కారు దిగాం.”

“ఆయన దగ్గర్నుంచి దూరంగా రండి. ఆ బావి దగ్గరికి వెళ్లకండి. పెద్దమ్మా, వినబడుతోందా?”

చిన్న రాపిడి. ఫోన్ చేతులు మారింది.

“ఏమ్మా, భోంచేశావా?” మామగారి గొంతు. రోజూ అడిగేటంత మామూలుగా ఉంది.

“మామయ్యగారూ, ఆవిణ్ణి కారెక్కించి వెనక్కి తీసుకురండి. మీ అబ్బాయి నా పక్కనే ఉన్నాడు. ఆఫీసు పటం నా చేతిలో ఉంది.”

అటు నుంచి గాలి చప్పుడొక్కటే.

“దొరికిందన్నమాట,” అన్నాడాయన చివరికి. కోపం లేదు, కంగారు లేదు. “నువ్వు పట్టుకుంటావనే అనుకున్నాను. వాడివల్ల కాదు. ఆఫీసు పెట్టించినప్పుడే తెలుసు నాకు, నీ చూపు మంచిదని. ఎండగా ఉంది, మీరు రాకండి. వచ్చినా అందుకోలేరు.”

“ఐదింటికి ఇంకా టైముంది. నేను…”

“వాడు క్లియరెన్స్ ఇవ్వడానికి బద్ధకిస్తుంటే, వాడి తరఫున ఆనకట్టవాళ్లకి నేనే ఫోన్ చేసి చెప్పాను. నా మాట ఎప్పుడు కాదన్నారు? గేట్లు దించేశారు. పైనుంచి నీళ్లు కూడా వదిలేశారు.”

ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్ పట్టుకుని గేట్లెత్తండి, నీళ్లాపండి అని అరుస్తూ మెట్ల వైపు పరుగెత్తాడు. ఆమె ఫోన్ చెవికి అదుముకుని అతని వెనకే దూకింది. సగం మెట్లు దిగేసరికి, మామగారి ఊపిరి వెనక, దూరంగా, చైన్‌మన్ భార్య అడగడం స్పష్టంగా వినబడింది.

“అన్నయ్యగారూ, ఆ హోరేంటండీ? మనం వచ్చిన దారి ఏది?”